సుల్తాన్‌బజార్‌లో మా నాన్న మల్గి: రెంట్ కంట్రోల్ కేసులో నా అనుభవం

కిరాయి తక్కువగా ఉన్న పాత కిరాయిదారును ఎవరూ కదిలించలేరని బజార్లో అందరూ అంటుంటారు. మా దుకాణం కేసు కొన్నేళ్లు నడిచాక ఆ మాట ఎవరన్నా నాకు భయం వేస్తుంది. చట్టం రక్షణ ఇచ్చే మాట నిజమే, కానీ ఆ రక్షణ నెలనెలా సరైన తేదీకి, సరైన పద్ధతిలో కిరాయి కట్టినవాళ్లకే దక్కుతుంది. ఆ ఒక్క విషయంలో పట్టు తప్పితే నలభై ఏళ్లుగా ఉన్నవాళ్లయినా షట్టర్ దించుకుని పోవాల్సిందే. ఇలాంటి మల్గీల్లో (కిరాయి దుకాణం గదుల్లో) ఉన్న మరికొందరికి పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మాది హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో ఖాతా పుస్తకాలు, రసీదు బుక్కులు, ఆఫీసు ఫైళ్లు అమ్మే చిన్న మల్గి. నాన్న 1974లో నెలకు 90 రూపాయల కిరాయికి తీసుకున్నారు. అప్పుడు ఓనర్ సేఠ్‌కు పగిడీ కింద, అంటే మల్గి ఇచ్చినందుకు కిరాయి కాక ముందే విడిగా ఇచ్చే సొమ్ముగా, కొంత కూడా ఇచ్చారు. దానికి కాగితం లేదు. ఆ రోజుల్లో మా వరసలో ఎవరికీ లేదు. సేఠ్ మర్యాదస్తుడు. కొన్నేళ్లకోసారి ఆయనే వచ్చి కూర్చుని, చాయ్ తాగి, ఇంత పెంచుదామా అని అడిగేవారు. నాన్న సరేననేవారు. అలా పెరుగుతూ 2012 నాటికి 1,600 అయింది. ఎంత స్నేహం ఉన్నా రసీదు విషయంలో మాత్రం నాన్న మొహమాటపడేవారు కాదు. సంతకంతో రసీదు తీసుకుని వెనక గోడకున్న ఇనప తీగకు గుచ్చేవారు. ఏడాది నిండగానే కట్ట కట్టి బీరువాలో పెట్టేవారు. కిరాయి పుచ్చుకున్న ఓనర్ సంతకం చేసిన రసీదు ఇవ్వాలని చట్టంలోనే ఉందని నాకు కేసు వచ్చాకే తెలిసింది. నాన్నకు ఎప్పుడో తెలుసేమో.

సేఠ్ 2013లో పోయారు. మరుసటి ఏడాది నాన్న పోయారు. డిగ్రీ అయినప్పటి నుంచి నేను నాన్నతో పాటే దుకాణంలో కూర్చునేదాన్ని, కాబట్టి వ్యాపారం ఆగలేదు. దినాలు అయిపోగానే కిరాయి తీసుకుని సేఠ్ పెద్ద కొడుకు దగ్గరికి వెళ్లాను. ఆయన డబ్బు ముట్టుకోలేదు. "మీ నాన్నతో ఉన్న లెక్క మీ నాన్నతోనే అయిపోయింది. ఇకనుంచి నెలకు 15,000 ఇస్తే ఉండండి, లేదంటే ఖాళీ చేయండి" అన్నారు. పక్క మల్గీల కొత్త కిరాయిలు చూస్తే అది కోరరాని మొత్తమేమీ కాదు. కానీ అప్పటి మా అమ్మకాలకు అది మోయలేని బరువు. పైగా ఆయన అడిగిన తీరులో బేరానికి చోటు లేదు.

నాన్న స్నేహితుడొకాయన ఒక పెద్ద లాయర్ గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న నాకు వింతగా తోచింది. "అమ్మా, 2005లో మీ కిరాయి ఎంత?" రసీదుల కట్ట విప్పి చూసి చెప్పాను, 1,100. ఆయన తల పంకించి, అయితే మనది రెంట్ కంట్రోల్ కిందికే వస్తుందన్నారు. ఎందుకో తర్వాత వివరించారు. మనకున్నది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో అదే కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే చట్టం చేశారు, కాబట్టి విజయవాడలోనో గుంటూరులోనో ఉన్నవాళ్లు నా అనుభవాన్ని ఉన్నదున్నట్టు అన్వయించుకోకూడదు. 1960 చట్టానికి 2005లో ఒక సవరణ వచ్చింది. ఆ సవరణ నాటికి కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలకు ఈ చట్టం వర్తించదు. అలాంటి మల్గీల సంగతి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం సివిల్ కోర్టులో తేలుతుంది. నెలనెలా కిరాయి పద్ధతిలో ఉన్నవాళ్లకు అక్కడ 15 రోజుల నోటీసు చాలు. ఖాళీ చేయమనడానికి ఓనర్ ఏ కారణమూ చూపనక్కర్లేదు. రెంట్ కంట్రోల్ కింద ఉంటే మాత్రం చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి. ఇద్దరు కిరాయిదారుల బతుకుల మధ్య ఇంత తేడా 2005 నాటి ఒక అంకె మీద ఆధారపడి ఉంది.

పగిడీ గురించి కూడా అడిగాను. ఆయన చెప్పింది విని మనసు చివుక్కుమంది. ఓనర్ పగిడీ తీసుకోవడాన్నే ఈ చట్టం ఒప్పుకోదు, ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోవడాన్నీ ఒప్పుకోదు. కాబట్టి మా నాన్న ఇచ్చిన సొమ్ము మా హక్కుకు బలమేమీ కాదు. బజార్లో సగం మంది, పగిడీ ఇచ్చాం గనక మల్గి సగం మాదే అనుకుంటారు. కోర్టులో ఆ మాటకు విలువ లేదు.

ఇక కిరాయి కట్టే పని. ఓనర్ తీసుకోనంటే ఊరుకోకూడదని, చట్టంలో ఉన్న మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలని లాయర్ గారు గట్టిగా చెప్పారు. ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం: కిరాయి ఏ బ్యాంకులో వేయమంటారో పది రోజుల్లో చెప్పండి అని. జవాబు లేదు. అప్పుడు మనియార్డర్ చేయాలి. మనియార్డర్ కమీషన్ కిరాయిలో మినహాయించుకోవచ్చని చట్టమే చెప్తుంది. అలాగే 1,600లో కమీషన్ పోను మిగతా సొమ్ము పంపాను. కమీషన్ కూడా నేనే భరించి పూర్తి సొమ్ము పంపుతానంటే లాయర్ గారు వద్దన్నారు. చట్టంలో ఎలా ఉందో అలాగే చేయి, నీ మంచితనం కలపకు అన్నారు. పోస్ట్‌మ్యాన్ "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి తిరిగి తెచ్చాడు. ఆ కాగితం ముక్కను నేను బంగారంలా దాచాను.

ఈలోపు సేఠ్ చిన్న కొడుకు దగ్గర్నుంచి ఒక నోటీసు వచ్చింది. ఆస్తిలో తనకూ వాటా ఉందని, అన్నకు కిరాయి ఇస్తే చెల్లదని. దాంతో నాకు టెన్షన్ పట్టుకుంది. అన్నకిస్తే తమ్ముడు, తమ్ముడికిస్తే అన్న కేసు వేస్తారు. లాయర్ గారు మాత్రం ఇది మనకు మేలే అన్నారు. కిరాయి ఎవరికి చెందుతుందో నిజంగానే అనుమానం ఉన్నప్పుడు సొమ్మును రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయడానికి 9వ సెక్షన్ ఉంది. మనియార్డర్ తిరిగొచ్చినప్పుడు జమ చేయడానికి 8వ సెక్షన్ ఎలాగూ ఉంది. హైదరాబాద్‌లో రెంట్ కంట్రోలర్ అంటే సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో కూర్చునే జడ్జే. అక్కడ పిటిషన్ వేసి, అప్పటి నుంచి నెలనెలా చలానా కట్టడం మొదలుపెట్టాను.

తేదీల గురించి ఒక్క మాట. కిరాయి ఎప్పుడు కట్టాలో అగ్రిమెంటులో ఉంటే, ఆ గడువు దాటాక 15 రోజుల్లోపు కట్టాలి. మాలాగా అగ్రిమెంటు లేనివాళ్లు ఒక నెల కిరాయిని మరుసటి నెలాఖరులోపు కట్టాలి. అంటే మార్చి కిరాయికి ఏప్రిల్ 30 ఆఖరు. నేను ఎప్పుడూ ఆఖరి రోజు దాకా ఆగలేదు. నెల మొదటి వారంలోనే చలానా కట్టి, కాపీ ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో పెట్టేదాన్ని.

2015లో అనుకున్నదే జరిగింది. ఖాళీ చేయించమని పెద్ద కొడుకు పిటిషన్ వేశారు. తమ్ముడితో ఏదో సర్దుబాటు అయినట్టుంది, ఆయన అడ్డు చెప్పలేదు. కారణాలు నాలుగు చూపారు. నేను కావాలనే కిరాయి ఎగ్గొట్టానని ఒకటి. ముందు భాగంలో జిరాక్స్ మిషన్ పెట్టించి ఇంకొకరికి సబ్‌లీజుకు ఇచ్చానని ఒకటి. నాన్నతోనే కిరాయిదారు హక్కు పోయిందని మూడోది. తన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకోవడానికి ఈ మల్గి కావాలని నాలుగోది.

పిటిషన్ చదువుతుంటే అందులో ఉన్న మనిషి నేనేనా అనిపించింది. రేటు పెరిగిన చోట తక్కువ కిరాయికి తిష్ట వేసిన మోసకారి అన్నట్టు రాశారు. కోర్టు కాగితాల్లో భాష అలాగే ఉంటుంది, మనసుకు తీసుకోకండి అన్నారు లాయర్ గారు. కానీ అమ్మకు చదివి వినిపించలేకపోయాను.

కోర్టులో కేసు నడుస్తుండగా బయట ఇంకొకటి జరిగింది. మా వరస మల్గీలన్నిటికీ వెనక ఒకే నల్లా, ఒకే బాత్రూమ్. ఒక రోజు ఆ తలుపుకు కొత్త తాళం పడింది. మిగతా వాళ్లకు తాళంచెవులిచ్చారు, మాకు ఇవ్వలేదు. రోజంతా దుకాణంలో కూర్చునే ఆడమనిషికి అది ఎంత అవమానమో, ఎంత బాధో చెప్పక్కర్లేదు. పక్కనున్న రఫూ దుకాణం చాచా తన తాళంచెవి ఇస్తానన్నారు గానీ, ఆయనకు చిక్కులు తెచ్చిపెట్టడం ఇష్టంలేక వద్దన్నాను. కిరాయిదారు అనుభవిస్తున్న సౌకర్యాలను సరైన కారణం లేకుండా ఆపకూడదని 14వ సెక్షన్ చెప్తుంది. విచారణ పూర్తికాకముందే పునరుద్ధరించమని రెంట్ కంట్రోలర్ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఫొటోలు, చాచా అఫిడవిట్ పెట్టి పిటిషన్ వేశాం. ఉత్తర్వు వచ్చింది, తాళం పోయింది. ఇలాంటివి ఎదురైనప్పుడు చాలామంది మనమే తాళం పగలగొడదామనో, గొడవ పెట్టుకుందామనో అనుకుంటారు. అలా చేస్తే న్యూసెన్స్ అనే ఇంకో కారణాన్ని మనమే ఓనర్ చేతిలో పెట్టినట్టవుతుంది.

అసలు కేసులో మొదటి రెండు కారణాలు త్వరగానే వీగిపోయాయి. జిరాక్స్ మిషన్ బిల్లు నా పేరు మీదే ఉంది, దాని దగ్గర పనిచేసే అబ్బాయికి నేను జీతమిస్తున్న రిజిస్టర్ ఉంది. దుకాణంలో ఏ భాగమూ నా చేయి దాటి ఇంకొకరి స్వాధీనంలోకి పోలేదు. ఎగ్గొట్టడం గురించైతే నోటీసు, తిరిగొచ్చిన మనియార్డర్, చలానాలు అన్నీ వరస తప్పకుండా ఉన్నాయి. కిరాయి ఆలస్యం కావడం వేరు, కావాలని ఎగ్గొట్టడం వేరు. తెలిసి, ఉద్దేశపూర్వకంగా, ఫలితం ఎరిగి చేసినప్పుడే రెండోది అవుతుందని తమిళనాడు కేసుల్లో సుప్రీంకోర్టు 1985లోనే వివరించింది. కావాలని చేయలేదని తేలితే, బాకీ కట్టడానికి 15 రోజుల దాకా గడువిచ్చి పిటిషన్ కొట్టేసే వీలు మన చట్టంలోనూ ఉంది. కానీ ఆ దయ మీద ఆధారపడే అవసరం మాకు రాలేదు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, చాలామందికి తెలియదు. కేసు నడుస్తున్నంత కాలం బాకీలన్నీ కట్టి, ప్రతి నెలా కిరాయి కడుతూ ఉంటేనే కిరాయిదారు మాట కోర్టు వింటుంది. 11వ సెక్షన్ అది. మధ్యలో ఆగిపోతే, సరైన కారణం చూపకపోతే, విచారణ ఆపేసి ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చేయొచ్చు. మిగతా వాదనలు ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. కేసు కోర్టులో ఉంది కదా, తేలాక కడదాం అని కూర్చున్న ఒకాయన మల్గి పోగొట్టుకోవడం నేను ఆ కోర్టు వరండాలోనే చూశాను. వయసు మళ్లినాయన. ఆయనకు ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మూడో కారణం మీద నాకు నిద్రపట్టలేదు. చట్టంలో కిరాయిదారు నిర్వచనం చదివితే, చనిపోయిన కిరాయిదారుతో ఆ భవనంలో కలిసి నివసించిన భార్య, కొడుకు, కూతురు అని ఉంటుంది. దుకాణంలో ఎవరు నివసిస్తారు? వాళ్ల లాయర్ అదే పట్టుకున్నారు. మా లాయర్ గారు 1985 నాటి ఇంకో తీర్పు చూపించారు. ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఇచ్చింది. వ్యాపారపు కిరాయి హక్కు కూడా వారసులకు వస్తుందని, కిరాయిదారు పోగానే కుటుంబం జీవనాధారం పోకూడదని అందులో ఉంది. కూతురు అన్న మాట మన చట్టంలోనే ఉండటం నాకు ధైర్యాన్నిచ్చింది. పెళ్లయిన ఆడపిల్లకు నాన్న దుకాణంలో ఏం హక్కని బజార్లో నాతో నేరుగా అన్నవాళ్లున్నారు.

నాలుగో కారణమే అసలు యుద్ధం. ఓనర్‌కు నిజంగా అవసరమైతే మల్గి తిరిగి ఇవ్వాల్సిందే. అది న్యాయం కూడా. కానీ వ్యాపారపు మల్గి అడగాలంటే, అదే నగరంలో తనదైన వేరే వ్యాపార స్థలం ఓనర్ చేతిలో ఉండకూడదని చట్టం షరతు పెట్టింది. గుజరాతీ గల్లీలో వాళ్లకు ఇంకో మల్గి ఉందని, ఈ మధ్యే ఖాళీ అయిందని మాకు తెలుసు. తెలియడం వేరు, చూపించడం వేరు. మునిసిపల్ కార్పొరేషన్‌లో ఆస్తి పన్ను రికార్డు నకలు తీశాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే, మా మీద పిటిషన్ వేయడానికి కొద్ది నెలల ముందే ఆ మల్గిని ఎక్కువ కిరాయికి ఇంకొకరికి లీజుకిచ్చినట్టు రిజిస్టర్డ్ డాక్యుమెంటే దొరికింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మా లాయర్ గారు గొంతు పెంచకుండా ఒక్కటే అడిగారు. మీ అబ్బాయికి దుకాణం కావాలనుకున్న రోజుల్లో ఆ మల్గి ఎందుకిచ్చేశారు? ఆయన చెప్పిన జవాబు "దానికి కిరాయి బాగా వచ్చింది" అని. జడ్జిగారు ఆ వాక్యాన్ని ఉత్తర్వులో యథాతథంగా రాశారు.

పిటిషన్ కొట్టేశారు. వాళ్లు 30 రోజుల గడువులోపు చీఫ్ జడ్జి దగ్గర అప్పీలు వేశారు. అక్కడా అయ్యాక హైకోర్టులో రివిజన్ ఉంటుంది. అప్పుడే నేను ఆలోచనలో పడ్డాను.

గెలిచాం, నిజమే. కానీ సుల్తాన్‌బజార్‌లో నెలకు 1,600 కిరాయి న్యాయమని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ భవనానికి ఆస్తి పన్ను వాళ్లు కడుతున్నారు. పైకప్పు కారితే బాగుచేయించాల్సింది వాళ్లు. ఆ కిరాయితో ఏ ఓనరూ గోడకు సున్నం కూడా వేయించడు, వేయించలేదు కూడా. ఇలా కాలం ఆగిపోయినట్టున్న కిరాయిల గురించి 2011లో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలు సూచించింది. కిరాయిదారు మూడేళ్లకోసారి కనీసం 10 శాతం పెంచుతూ పోవాలని, ఇద్దరూ ఒప్పుకున్న మార్కెట్ కిరాయి కడుతుంటే కనీసం ఐదేళ్లు ఓనర్ ఖాళీ చేయించడానికి పూనుకోకూడదని. అది చదివినప్పుడు మా పాత సేఠ్, నాన్న చాయ్ తాగుతూ చేసుకున్న ఏర్పాటు గుర్తొచ్చింది. ఫెయిర్ రెంట్ నిర్ణయించమని రెంట్ కంట్రోలర్‌ను అడిగే దారి కూడా ఇద్దరికీ ఉంది. సేఠ్ కొడుకు మొదట్లోనే ఆ దారి పట్టి ఉంటే ఇన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగే పని ఇద్దరికీ తప్పేది.

చాచాను మధ్యవర్తిగా పెట్టుకుని పెద్ద కొడుకు ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది ఆయన భార్య. లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చింది. ఆయన మొదట్లో ముభావంగా ఉన్నారు. నేను తీసుకెళ్లిన లెక్క ముందుపెట్టాను: మా ఏడాది అమ్మకాలు, ఖర్చులు, అందులోంచి నిజాయితీగా ఎంత ఇవ్వగలనో. 9,000 అన్నాను. ఆయన 12,000 అన్నారు. చివరికి చాచా మాట మీద 9,500 దగ్గర ఆగాం.

దీనికి లాయర్ గారు వెంటనే సరే అనలేదు. 3,500 దాటిన కిరాయికి ఒప్పుకుంటే, ఇక ఇది రెంట్ కంట్రోల్ కింద లేదని రేపు వాదిస్తారు, ఇన్నాళ్లూ నీ మీదున్న గొడుగు పోవచ్చు, అది తెలిసే సంతకం పెట్టాలి అన్నారు. చట్టం గొడుగు లేకపోతే కాగితమే కాపాడాలి. అందుకని ప్రతి షరతునూ లీజులో రాయించాం. తొమ్మిదేళ్ల గడువు. మూడేళ్లకోసారి 10 శాతం పెంపు. వరసగా మూడు నెలలు కిరాయి కట్టకపోతే తప్ప మధ్యలో ఖాళీ చేయమనకూడదు. కిరాయి బ్యాంకు ఖాతాలోనే వేయాలి. పైకప్పు, గోడలు ఓనర్ బాధ్యత, లోపలి పనులు మాది. అన్నదమ్ములిద్దరూ సంతకం చేయాలి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయకపోతే చెల్లదు గనక స్టాంపు డ్యూటీ చెరిసగం పెట్టుకుని రిజిస్టర్ చేయించాం. అప్పీలును లోక్ అదాలత్‌లో రాజీగా ముగించాం. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందువల్ల ఏ ఒక్కరూ రేపు మాట మార్చే వీలు లేకుండా పోయింది.

తక్కువ కిరాయి వదులుకున్నావని నన్ను తప్పుపట్టినవాళ్లున్నారు. గెలిచిన కేసును ఓడిపోయావన్నారు. నేను అలా అనుకోను. ఇన్నేళ్లూ నాకు రేపటి మీద నమ్మకం లేదు, కొత్త ర్యాకులు వేయించాలన్నా చేయి వచ్చేది కాదు. లీజు రిజిస్టరైన నెలలోనే ముందు భాగం బాగుచేయించి స్కూలు సామాను కూడా పెట్టాను. జూన్‌లో ఇప్పుడు ఖాతా పుస్తకాల కన్నా అదే ఎక్కువ పోతుంది. పైకప్పు కూడా వాళ్లు వేయించారు.

మా వరసలో మరో ముగ్గురు పాత కిరాయిదారులకు ఈ మధ్య నోటీసులొచ్చాయి. ఒకాయన దగ్గర గత పదేళ్లలో ఒక్క రసీదూ లేదు, అంతా నోటిమాటే. ఆదివారం దుకాణం మూసి ముగ్గురినీ కూర్చోబెట్టి, బ్యాంకు పేరు చెప్పమని ఓనర్‌కు పంపాల్సిన నోటీసు రాయించాను. రసీదుల్లేని ఆయన సోమవారమే పోస్టు చేశారు.